సీమగొర్రె సమ్మతి

పెద్దవంగరకు తూర్పున, రెండు గుట్టల మధ్య ఒదిగిన ఆ ఊరి గడీలో ఒకప్పుడు ప్రపంచమంతా కొంచెం కొంచెంగా ఉండేది. దొరకు వింత జంతువుల మీద మోజు. పట్నంలో ఆస్తి కరిగిపోయిన ఒక నవాబు తన తోటలోని జంతువులను అమ్ముకుంటుంటే కొన్నింటిని కొని, జనగామ దాకా రైల్లో, అక్కడి నుంచి ఎడ్లబండ్ల మీద తెప్పించాడు. కోపమొస్తే తల మీది పసుపుపచ్చని జుట్టును విసనకర్రలా విప్పే తెల్లని కాకటూ వచ్చింది. ఏ సముద్రం నడుమ దీవిలోనో పుట్టి, మనిషిని వీపు మీద మోయగల తాబేలు వచ్చింది. పొట్టకున్న సంచిలో పిల్లను దాచుకొనే కంగారూ కూడా వచ్చింది గానీ, ఇక్కడి మొదటి ఎండాకాలాన్ని దాటలేకపోయింది.

వాటన్నిటితో పాటు, గొర్రె ఒంటికి ఒంటె మెడ అతికించినట్టున్న మరొక జంతువు కూడా వచ్చింది. గోధుమరంగు ఉన్ని, అరటిపువ్వు రేకుల్లాంటి చెవులు, ఎదుటివాణ్ణి తూకం వేస్తున్నట్టుండే చూపు. దాని అసలు పేరు లామా. భూగోళానికి ఆవలి వైపున, దక్షిణ అమెరికాలో, మబ్బుల కన్నా ఎత్తైన కొండల మీద మూటలు మోస్తూ బతికే జాతి. ఆ సంగతి ఊరికి తెలియదు, కొన్న దొరకూ తెలియదు. బయటి దేశాల నుంచి వచ్చినదేదైనా సీమదే కాబట్టి ఊరు దాన్ని సీమగొర్రె అంది. గొర్రె అన్న తరువాత దాని మేత గొర్రెలు కాసే కురుమల వంతేనని గడీ తీర్మానించింది. ఆ విధంగా రోజూ ఒక గడ్డిమోపు మోసుకొచ్చి దాని ముందు వేసే వెట్టి కురుమ మొగిలి నెత్తిన పడింది.

దొరల మీద రైతుల సంఘం లేచి, దొర పట్నం పారిపోయి, జనం గడీ తలుపులు తెరిచిన ఏడు, ధాన్యం పంచుకున్నారు, పశువులను పంచుకున్నారు. కాకటూ పంజరం తలుపు తీయగానే అది ఎవరి వాటాకూ రాకుండా ఎగిరిపోయింది. తాబేలును కుంట గట్టున వదిలారు. చివరికి సీమగొర్రె మిగిలింది. జనగామ నుంచి వచ్చి ఊళ్లో సంఘం పెట్టించిన వీరస్వామి దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"గిది ఎవలకు కావాలె?"

"దున్నదు, పాలియ్యది. ఏం జేసుకుంటమన్నా?" అన్నాడు సాయిలు. వాడి వాటాకు అప్పటికే ఒక ఆవు వచ్చింది.

"మొగిలికి ఇయ్యిరాదు! ఇన్నేండ్లు గడ్డి మోసింది వాడే గద."

"ఇగ వాడి గడ్డి వాడే మోసుకుంటడు!" అని ఎవరో అనేసరికి గడీ ముంగిలి నవ్వుతో నిండిపోయింది. ఆ ముంగిట్లో అంతమంది ఒక్కసారిగా నవ్వడం ఎవరూ ఎరగరు.

మొగిలి ఎగతాళికి నొచ్చుకోలేదు. మందలో కలిపిన కొద్ది కాలానికే సీమగొర్రె తన విలువ తానే చూపించుకుంది. ఒక సాయంత్రం గుట్ట పక్క నుంచి తోడేళ్లు దిగితే, గొర్రెలన్నీ ఒకదాని కిందికి ఒకటి దూరుతుండగా అది మాత్రం మెడ నిటారుగా ఎత్తి, గొంతులో ఏదో గీరుతున్నట్టు అరుస్తూ వాటి మీదికి పరుగెత్తింది. అటువంటి శత్రువును ఎన్నడూ చూడని తోడేళ్లు తిరిగి గుట్ట ఎక్కాయి. తరువాతి ఉన్ని కత్తిరింపులో మొగిలి దాని ఒంటి మీద కూడా కత్తెర ఆడించాడు. తల్లి పెంటమ్మ ఆ ఉన్నిని వడికి, ఒక చిన్న గొంగడి నేయించుకొని నెత్తిన కొప్పెర వేసుకుంది. "నల్లగొర్రె గొంగడి గుచ్చుతది, గిది పసిపోరని చెయ్యి లెక్క ఉన్నదిరా," అని ఇంటింటికీ తిరిగి తాకించింది.

సంఘం బడిలో మొగిలి అక్షరాలు నేర్చాడు. అక్షరాల కన్నా వీరస్వామి చెప్పిన ఒక మాట వాడికి బాగా పట్టుకుంది. కళ్లతో చూసినదాన్నే నమ్మాలి, చూడనిదాన్ని చెప్పకూడదు. కురుమల దేవుడు బీరన్న గుడి ముందు కూర్చొని మొగిలి అందరితో ఆ మాట పలికి, బీరన్నను చూసినవాడు ఎవడైనా ఉంటే చేయి ఎత్తమన్నాడు. కొడుకు బదులు పెంటమ్మ లెంపలు వేసుకుంది.

ఏడాది గడిచింది. యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం పాలన పోయింది. పాలన పోయినా దొర పోలేదు. సైన్యం వెనకాలే గడీకి తిరిగి వచ్చాడు. ఊరి పక్క పటాలం క్యాంపు వెలిసింది. గడీ సొమ్ము ఎవరి దగ్గర దొరికితే వాడు సంఘంవాడని లెక్క.

ఒక ఉదయం పెంటమ్మ అంబలి ముంతతో ఊరి బయటి మెట్ట చెలక మీదున్న మంద దగ్గరికి పరుగు లాంటి నడకతో వచ్చింది.

"సాయిలు ఇంట్ల ఆవు దొరికిందిరా. రెక్కలు ఇరిచికట్టి క్యాంపుకు తీస్కపోయిండ్రు. దొర గిటే వస్తున్నడు. పటాలపోళ్లు గూడ ఉన్నరు. మీ పెద్దబాపును ముందు పెట్టుకొని మందలు చూపియ్యమంటున్నడు."

మొగిలి సీమగొర్రె వైపు చూశాడు. గొర్రెలన్నిటికీ పైన దాని మెడ, పొలంలో పాతిన గుంజలా, ఆమడ దూరానికి కనిపిస్తోంది. ప్రపంచంలో దాచడానికి వీలుకాని జంతువంటూ ఉంటే అదే. అడవికి తోలుదామంటే దొర వచ్చే దారి అదే. కోసి పాతిపెడదామంటే, కాళ్ల పక్కన చేరి సన్నగా హుమ్మనే ఆ గొంతు మీద కత్తి పెట్టే చేయి తనది కాదు.

"అవ్వా, నీ బండారి సంచి గిటియ్యి."

కురుమల ఇంట పెద్ద ఆడది బొడ్లో దోపుకొనే పసుపు సంచి అది. పెంటమ్మ తీయలేదు.

"నీకెందుకురా? దేవుడు లేడంటివి గద!"

"ఇయ్యవ్వా జర!"

దొర వచ్చేసరికి సీమగొర్రె నుదుట పసుపు మెత్తి ఉంది. మెడలో వేపమండల దండ వేలాడుతోంది. దొర గుర్రం దిగాడు. వెనక తుపాకులతో సిపాయిలు, ముందు కురుమల పెద్ద బుచ్చయ్య. మొగిలి తండ్రికి అన్న; బీరన్న పూజ కూడా ఆయనదే.

"ఏం బే మొగిలీ, నా సొమ్ము నీ మందల ఎట్లున్నది?"

"నీ బాంచెను దొరా..."

ఏడాదికి పైగా ఆ మాట మొగిలి నోట రాలేదు. ఇన్నాళ్లూ ఎక్కడ నక్కిందో గానీ, పిలవకుండానే వచ్చి నాలుక మీద కూర్చుంది.

"...గడీ తలుపులు తెరిసినప్పుడు అదే ఉరికొచ్చి మందల కలిసింది. మీరొస్తే అప్పజెప్పుదామనే ఉన్న. గంతల మందకు రోగమొచ్చింది దొరా. గొర్రెలు కుప్పలుకుప్పలు పడుతుంటే, మంద బతికితే దీన్ని నీకే ఇస్తమని బీరన్నకు మొక్కినం. దేవునికి ఇడిసినంక నేనెట్ల ముట్టుకుందు, మీకెట్ల ఇద్దు?"

దొర బుచ్చయ్య వైపు తిరిగాడు. "అవునా?"

బుచ్చయ్య ఈ సంగతి వినడం అదే మొదటిసారి. ముసలాయన కొంతసేపు గొర్రెల వైపు చూశాడు, పెంటమ్మ వైపు చూశాడు. "అవు దొరా," అన్నాడు. "ఇడిసినం."

దేవుడికి విడిచిన పశువును కొట్టకూడదు, కట్టకూడదు, తోలుకుపోకూడదు. దొర ఈ కట్టుబాటును కాదనగలిగినవాడే, కానీ కాదంటే ఏమవుతుందోననే అనుమానం ఆయనకూ లేకపోలేదు. ఒక అడుగు ముందుకు వేసి వేపదండ మీద చేయి పెట్టబోయాడు. సీమగొర్రె చెవులు వెనక్కు వాల్చింది, గడ్డం ఎత్తింది, నెమరేస్తున్న పచ్చని గడ్డిరసాన్ని దొర తెల్ల కోటు మీద నిండుగా ఉమ్మింది. సిపాయిలలో ఒకడు నవ్వి, అంతలోనే ఆపుకున్నాడు. లామాలు కోపమొస్తే చేసే పని అదే. దాని కొండల మీద అది చిన్న మందలింపు. ఆ ఉదయం ఆ చెలకలో మాత్రం బీరన్నే ఉమ్మినట్టయింది.

దొర రుమాలుతో కోటు తుడుచుకున్నాడు. గొంతు పెంచలేదు.

"మంచిది. మాఘమాసంల బీరన్న పండుగ ఉన్నది గద. దేవునికి ఇడిసింది గా నాడు దేవునికి పోవాలె. నేనే వచ్చి చూస్త. కత్తి దిగిందా, మీ మాట నిజం. దిగకపోయిందో, దొంగసొమ్ము దాచి దేవుని పేరు చెప్పిండ్రు. క్యాంపు ఎంత దూరమున్నది?"

ఆయన పోయాక బుచ్చయ్య మొగిలి వైపు తిరిగాడు.

"అబద్ధం నీది. మాట నాదయిపోయింది."

"పెద్దబాపూ, పండుగ నాటికి ఏదో ఒక సాకు..."

"సాకులు దొరకు చెప్తిమి. బీరన్నకు చెప్పనురా. నీకు లేకపోవచ్చు, నాకున్నడు. నడుము మీద నీళ్లు పోస్త. అది ఒళ్ళు దులిపితే సమ్మతించినట్టు, కత్తి దిగుతది. మూడు మాట్ల పోసినా దులపకుంటే ఆయనకు వద్దన్నట్టు, దిగది. దొర ఉన్నా గంతే, లేకున్నా గంతే."

"దులపనిది ఎప్పుడన్న ఉన్నదా?"

"నా పుట్టుకల చూడలే."

మొగిలి ఆ మాటను మందతో పాటు మేపుతూ తిరిగాడు. బలి పశువు సమ్మతి అంటే ఏమిటో వాడికి తెలుసు. చన్నీళ్లు తోలుకు తగిలితే ఏ గొర్రె అయినా దులుపుకుంటుంది. కాలువలో కడిగినప్పుడల్లా చూస్తున్నదే. దేవుడు లేనప్పుడు కూడా దులుపుకుంటుంది. అయితే గడిచిన వానాకాలంలో మరొకటి కూడా చూశాడు. జల్లు పడగానే నల్లగొర్రెలన్నీ నిలబడి టపటపా దులుపుకుంటుంటే, సీమగొర్రె మాత్రం కాళ్లు మడిచి కూర్చొని కళ్లు అరమూసింది. వాన దాని ఉన్ని పైపైనే జారిపోయింది. వేలు గుచ్చి చూస్తే లోపల పొడిగానే ఉంది. అంటే కత్తెర పడకూడదు. ఉన్ని ఎంత మందంగా ఉంటే నీళ్లు తోలుకు అంత దూరం.

ఉన్ని కత్తిరింపు కాలం వచ్చి కురుమలంతా కత్తెరలు నూరుకుంటున్నప్పుడు మొగిలి నల్లగొర్రెలకు మాత్రమే కత్తిరించి ఊరుకున్నాడు.

"దానికేమన్న పెండ్లి జేస్తున్నవా, గంత సోకు?" అన్నారు తోటివాళ్లు.

"దేవుని సొమ్ము. కత్తెర పెట్టద్దు," అన్నాడు మొగిలి. ఆ మాట తన నోటి నుంచే అంత నున్నగా వచ్చినందుకు తనకే వెగటు పుట్టింది.

వెగటు పుట్టించేవి ఇంకా ఉన్నాయి. ఒకనాడు యాకమ్మ అనే ఆమె, ఎప్పుడూ ఏడ్చే తన పిల్లను తీసుకొచ్చి సీమగొర్రె పొట్ట కింది నుంచి అటునుంచి ఇటు దాటించింది. ఆ పిల్ల బిత్తరపోయి ఏడుపు ఆపింది. మరునాటికి ముగ్గురు తల్లులు వచ్చారు. పొట్టేలుకైతే కొమ్ముల నడుమ పెట్టే దీపాన్ని కొమ్ములు లేని ఆ తల మీద ఎలా నిలపాలని ఇద్దరు ముసలివాళ్లు వాదించుకున్నారు.

అదే వారంలో వీరస్వామి, గొర్రెతోళ్లు కొనేవాడి వేషంలో, చెలక మీదికి వచ్చాడు. సైన్యం వచ్చినప్పటి నుంచి గంగారం అడవిలో సంఘం దళంతో ఉంటున్నాడు. మనిషి చిక్కిపోయాడు, మాట చిక్కలేదు.

"గడీ కూలగొడ్దామంటే గుడి కడ్తివి కదరా తమ్మీ!"

"కట్టలేదన్నా. వానకు గుడి అరుగు మీద నిలబడ్డ."

"నిలబడ్డోడే పూజారి అయితడు. గా పిల్లను పొట్టకింద దాటిచ్చిందట ఒకామె. రేపు ఆ పిల్లకు జరమొస్తే దవాఖానకు తీస్కపోదు, నీ మందకు తీస్కొస్తది. అప్పుడేం చెప్తవ్?"

మొగిలి సీమగొర్రె ఉన్నిలో చిక్కుకున్న ముల్లును ఏరి పారేశాడు.

"నాతోటి అడవికి రా."

"నేనొస్తే అవ్వను పట్టుకపోతడు. పెద్దబాపు మాట పోతది."

వీరస్వామి ఒక తోలు కూడా కొనకుండా లేచాడు. పోతూ పోతూ సీమగొర్రె మెడ మీద చేయి వేశాడు. అది ఉమ్మలేదు. "మెత్తగ ఉన్నది," అని మాత్రం అన్నాడు.

మాఘంలో పండుగ వచ్చింది. ఆ ఉదయం చలి ఎముకల్లో దిగుతోంది. బీరన్న గుడి ముందు డోళ్లు మోగుతున్నాయి. దొర కుర్చీ వేయించుకొని కూర్చున్నాడు. పక్కన ఇద్దరు సిపాయిలు. కత్తి పట్టుకున్నవాడు కత్తిని పసుపుగుడ్డతో తుడుస్తున్నాడు. మొగిలి, మెడలో కొత్త వేపదండ వేసిన సీమగొర్రె తాడు పట్టుకొని నిలబడ్డాడు. దాని ఉన్ని మోకాళ్ల దాకా వేలాడుతోంది. ఆ ఉన్ని మందం మీద ఇప్పుడు దాని ప్రాణమూ తన బతుకూ ఆధారపడి ఉన్నాయి.

మొక్కినవారి ఇంటి నుంచే నీళ్లు రావాలి. పెంటమ్మ కొత్తకుండకు పసుపు రాసి, నీళ్లలోనూ పసుపు కలిపి, చుట్టూ వేపమండలు కట్టి నెత్తిన పెట్టుకొని వచ్చింది. కుండ మూతి దగ్గర సన్నని పొగ లేచినట్టు కనిపిస్తే సాంబ్రాణి అనుకున్నాడు మొగిలి. బుచ్చయ్య కుండ అందుకొని, చెంబు ముంచి, ఒక క్షణం ఆగాడు. తరువాత సీమగొర్రె నడుము మీద పోశాడు.

డోళ్లు ఆగాయి. నీళ్లు ఉన్ని మీదుగా జారి నేల మీద పడ్డాయి. సీమగొర్రె ఎదురుగా ఉన్న గుట్టను చూస్తూ నిలబడింది.

రెండోసారి పోశాడు. దాని ఎడమ చెవి చటుక్కున కదిలింది.

"అగో, దులిపింది!" దొర కుర్చీలోంచి లేచాడు.

కత్తివాడు ఒక అడుగు ముందుకు వేశాడు. బుచ్చయ్య చెంబు పట్టుకున్న చేయిని అడ్డం పెట్టాడు.

"చెవి చాలదు దొరా. ఒళ్ళు దులపాలె. మా తాత నాటి నుంచి గదే కట్టు."

"నాకు కట్టు చెప్తున్నవా?"

"నీకు గాదు దొరా. చెప్పేది ఆయనకు," అని గుడి వైపు చూపించాడు ముసలాయన.

మూడోసారి కుండలో మిగిలినదంతా పోశాడు. సీమగొర్రె మెడ వంచి నేలను వాసన చూసింది. ముందు మోకాళ్లు మడిచింది, వెనక కాళ్లు మడిచింది, వానలో కూర్చున్నట్టే కూర్చొని, కళ్లు అరమూసి, సన్నగా హుమ్మంది.

అది గుడికి ఎదురుగా కూర్చోవడం తాడు పట్టుకున్నవాడు నిలబడిన చోటును బట్టి జరిగింది. జనం అలా చూడలేదు. "దండం పెడుతున్నదే!" అని ఒక ఆడగొంతు కేక వేసింది. చేతులన్నీ ఒక్కసారి జోడించుకున్నాయి. డోళ్లు ఒళ్ళు తెలియకుండా మోగాయి. కత్తివాడు కత్తిని నేల మీద పెట్టి మొక్కాడు. దొర చుట్టూ చూశాడు. తుపాకులు తన వెనకే ఉన్నాయి, కానీ మొక్కుతున్న ఇంతమందిని ఏమని పట్టించాలి? కట్టుబాటును అడిగింది తానే. కట్టుబాటు జవాబు చెప్పింది.

"ఉండనియ్యిండ్రి. ఆయనదే ఇగ," ఎవరితోనూ కాకుండా గాలితో అన్నట్టు అని, గుర్రమెక్కాడు.

జనం సందడి పలచబడ్డాక, గుడి వెనక నీడలో మొగిలి, పెంటమ్మ, సీమగొర్రె మిగిలారు. మొగిలి మొహంలో వెలుగు ఆగడం లేదు.

"చూసినవా అవ్వా? దేవుడూ లేడు, దయ్యమూ లేదు. ఉన్ని. కత్తెర పెట్టకుంటిని గద, నీళ్లు తోలుకు తాకలే. గంతే కథ!"

మొగిలి ఖాళీ కుండ ఎత్తుకోబోయి, వేపమండల లోపలికి చేయి పోగానే ఆగాడు. కుండ అడుగు ఇంకా గోరువెచ్చగా ఉంది.

"నీళ్లు కాగబెట్టినవా?"

"పొయ్యి మీద పెట్టిన. ఎక్కువ గాదు, పిల్లలకు తానం పోసేటంత."

"అవ్వా! నువ్వు నమ్ముతవు గదనే. దేవుని కాడ గిట్ల మోసం..."

"మోసమేందిరా?" పెంటమ్మ గొంగడి కొప్పెర సర్దుకుంది. "చలిల చన్నీళ్లు కుమ్మరిస్తే నువ్వు వణకవా? నేను వణకనా? అది చలి చెప్పిచ్చే మాట. చావుకు ఒప్పుకునేది అది, దాని మనసుల మాట దాన్ని చెప్పనియ్యాలె. గందుకే ఎచ్చగ జేసిన. గప్పుడు గూడ దులిపితే, సరే, పోతానన్నదనుకుందును."

మొగిలి ఇన్నాళ్లూ దేవుడున్నాడా లేడా అన్నదొక్కటే ప్రశ్న అనుకున్నాడు. ప్రశ్న అడిగే పద్ధతి సరిగ్గా ఉండాలని, దేవుణ్ణి నమ్మే ముసలిదానికి తోచింది. ఇంతకూ జంతువును కాపాడింది మందపాటి ఉన్నియా, వెచ్చని నీళ్లా, రెండూనా, అవేవీ కాక దాని స్వభావమేనా? తేల్చాలంటే దాన్ని మళ్ళీ కత్తి ముందు నిలబెట్టాలి.

"మరి పెద్దబాపు? చెంబు ముంచిండు గద. ఆయనకు తెలువదా?"

"ఆయనకు చేతులు లేవారా?"

అప్పుడు సీమగొర్రె లేచింది. ముందు కాళ్లు సాచింది, మెడ నిటారు చేసింది. ఉన్ని లోలోపలికి ఇంకిన నీళ్లు మాఘమాసపు గాలికి చల్లబడి ఇప్పటికి తోలును చేరాయి కాబోలు, మెడ దగ్గర మొదలై తోక దాకా ఒళ్ళంతా ఒక్క ఊపున దులిపింది. పసుపునీళ్లు వానలా లేచి గుడి వెనక గోడ మీద, పెంటమ్మ గొంగడి మీద, మొగిలి మొహం మీద పడ్డాయి.

గుడి ముందు డోళ్లు ఇంకా మోగుతున్నాయి. బుచ్చయ్య గుడి మూల తిరిగి ఇటే వస్తున్నాడు.

పెంటమ్మ కొడుకు వైపు తిరిగింది. "కండ్లతోటి చూసిందే చెప్పాలంటవు గద బిడ్డా. ఏం జూసినవ్?"

బుచ్చయ్య దగ్గరికి వచ్చి, తడిసిన గోడను, తడిసిన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఏమయిందిరా?" అన్నాడు.

మొగిలి మొహం మీది పసుపునీళ్లను భుజం మీది తువ్వాలతో తుడుచుకున్నాడు.

"ఏం గాలె పెద్దబాపూ," అన్నాడు. "నేనేం జూడలే."

ముసలాయన తలూపి, సీమగొర్రె మెడలోని వేపదండ తీసి పక్కన పడేశాడు. "కత్తెరలు నూరుకో. ఎండలు రాకముందే ఉన్ని తియ్యాలె. లేకుంటే ఉడికి సస్తది," అని గుడి లోపలికి వెళ్లిపోయాడు.